9వ తరగతి చలనం: లెక్కలన్నీ చేస్తున్నారు, బంతి మీద బలాలు గీయమంటే తప్పుతున్నారు

ఆలూరు_పీఎస్ (సోమవారం, రాత్రి 9:20)

అందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లా ఆలూరు వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. 9వ తరగతికి చలనం, దాని వెంటనే గమన నియమాలు అయిపోయాయి. పిల్లలు లెక్కలు బాగానే చేస్తున్నారు. తొలివేగం, తుదివేగం, కాలం ఇస్తే త్వరణం చకచకా కనుక్కుంటారు. న్యూటన్ మూడు నియమాలూ తడుముకోకుండా అప్పజెబుతారు.

మొన్న ఒక ప్రశ్న వేశాను. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. చేతిని వదిలేసింది, ఇంకా పైకి పోతూనే ఉంది. గాలిని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ క్షణంలో బంతి మీద పనిచేసే బలాలను బాణాలతో గీయండి అన్నాను. దాదాపు అందరూ పైకి ఒక పెద్ద బాణం, కిందికి ఒక చిన్న బాణం గీశారు. పైకి గీసింది ఏమిటని అడిగితే, ‘చెయ్యి ఇచ్చిన బలం సార్, అది అయిపోయేదాకా పైకి పోతుంది’ అన్నారు. చదువులో ముందుండే పిల్లలదీ అదే మాట. బయటి బలం లేకపోతే కదిలే వస్తువు అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుందనే మొదటి నియమం అప్పజెప్పింది కూడా వీళ్లే.

ప్యానెల్ మీద వీడియోలు చూపించాను. చూస్తున్నంతసేపూ తలలూపుతారు, నోటుబుక్కు తీస్తే మళ్లీ అదే బాణం. ల్యాబ్‌లో స్ప్రింగ్ త్రాసు, స్టాప్‌వాచ్ తప్ప పనికొచ్చేవి పెద్దగా లేవు. పరీక్షల లోపు ఇంకొన్ని పీరియడ్లు దొరుకుతాయి. మీరు ఈ పాఠాన్ని ఎలా నడుపుతున్నారో చెప్పండి.

హంద్రీ_గట్టు (సోమవారం, రాత్రి 10:05)

నాయనా, మీ పిల్లలు గీసిన ఆ పైబాణానికి పెద్ద చరిత్రే ఉంది. వస్తువు కదులుతోందంటే దాన్ని ఏదో ఒకటి నెడుతూ ఉండాలని అరిస్టాటిల్ చెప్పాడు. విసిరినప్పుడు చెయ్యి వస్తువులోకి ఏదో నింపుతుందని, అది తరిగిపోయేదాకా వస్తువు పోతుందని మధ్యయుగాల పండితులు వాదించారు. గెలీలియో వచ్చేదాకా గొప్ప గొప్పవాళ్లు నమ్మిన మాటనే మీ క్లాసు సొంతంగా చెప్పింది. వాళ్లకు బుర్ర లేక కాదు. ఇసుకలో సైకిల్ తొక్కడం మానేస్తే ఆగిపోతుంది, తోపుడు బండి నెట్టడం మానేస్తే ఆగిపోతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది అదే కదా.

1992లో అమెరికాలో హెస్టెనెస్, వెల్స్, స్వాక్‌హామర్ అనే ముగ్గురు ఇలాంటి ప్రశ్నలతోనే ఒక పరీక్ష తయారుచేశారు. అందులో సూత్రాలు పెట్టి చేసే లెక్కలుండవు, ఏది జరుగుతుందో, ఎందుకో గుర్తుపట్టాలి. కాలేజీ విద్యార్థులు కూడా అందులో తడబడ్డారు. 1998లో రిచర్డ్ హేక్ 6,000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలు పోల్చి చూశాడు. పిల్లలు ఊహించి, వాదించుకుని, చేసి చూసిన క్లాసుల్లో మెరుగుదల, ఉపన్యాసం విన్న క్లాసుల కంటే సుమారు రెట్టింపు ఉంది. కాబట్టి వీడియోకు తలూపడాన్ని నమ్ముకోకండి.

నా సర్వీసులో బాగా పనిచేసిన పద్ధతి ఒకటి చెబుతాను. బాణం గీసిన ప్రతివాడూ దాని పక్కన ఆ బలాన్ని ఇచ్చేది ఎవరో పేరు రాయాలి. పేరు రాయలేకపోతే బాణం చెరిపేయాలి. పేరు వెతకడానికి రెండే ప్రశ్నలు: ఈ క్షణంలో వస్తువును తాకుతున్నది ఏది? తాకకుండా లాగుతున్నది ఏది? అయస్కాంతాలు లేని చోట 9వ తరగతికి తాకకుండా లాగేది భూమి ఒక్కటే. బంతి పక్కన పిల్లవాడు ‘చెయ్యి’ అని రాస్తాడు. చెయ్యి ఇప్పుడు బంతిని తాకుతోందా అని అడగండి. లేదంటాడు. అయితే ఆ పేరు ఉండొచ్చా? వాడే చెరుపుతాడు. మీరు చెరిపితే రేపు మళ్లీ గీస్తాడు.

కడప_ట్యూటర్ (సోమవారం, రాత్రి 10:40)

పెద్దవారు చెప్పింది మంచిదే, కానీ నాకొక ఇబ్బంది ఉంది. నేను కడపలో ట్యూషన్ చెబుతాను. తల్లిదండ్రులు నన్ను అడిగేది మార్కులు. పదో తరగతి అయ్యాక ఎంపీసీ తీసుకునేవాళ్లకు ఈ సూత్రాలు వేళ్ల కొసల మీద ఉండాలి. ఒక్క బాణం మీద పీరియడ్ అంతా గడిపితే గ్రాఫులు ఎప్పుడు, లెక్కలు ఎప్పుడు? లెక్కలు ఎక్కువ చేసే కొద్దీ అర్థం దానంతటదే వస్తుందని నా అనుభవం. ఆలూరు సార్ పిల్లలకు ఇంకొన్ని రకాల లెక్కలు ఇచ్చి చూడమంటాను.

నల్లరేగడి (మంగళవారం, ఉదయం 7:15)

నేను టీచర్ని కాదు, అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను, మాది పల్లెటూరు. ఆలూరు వైపు అన్నారు కాబట్టి ఒక మాట. మీ పిల్లల్లో బండలాగుడు పోటీలు చూడనివాళ్లు ఉండరు. తిరునాళ్లలో ఎద్దుల జతకు బండ కట్టి, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. మీ పాఠం మొత్తం అక్కడ ఉంది సార్.

ట్రాక్ 200 అడుగులు అనుకుందాం. జత ఆ కొసదాకా పోయి, తిరిగి మొదటికొచ్చి, మళ్లీ సగం దూరం పోయిందనుకోండి. మైకులో చెప్పేది 500 అడుగులు. అది దూరం. బయల్దేరిన గీత నుంచి బండ ఇప్పుడున్న చోటికి 100 అడుగులే. అది స్థానభ్రంశం. ప్రైజు దేనికిస్తారని అడిగితే క్లాసంతా ఒకేసారి చెబుతుంది, ఆ రెండింటి తేడా ఇంకెప్పుడూ మరిచిపోరు.

తర్వాత కదలిక మొదలయ్యే చోటు చూడండి. మొదట ఎద్దులు మెడ కిందికి వంచి, కాడి మీద బరువంతా వేసి గుంజుతాయి. బండ కదలదు, గొలుసు మాత్రం బిగుస్తుంది. తోలేవాళ్లు అదిలిస్తారు, జత ఒక్కసారి ఊపు తీసుకుంటుంది, బండ లేచి నడుస్తుంది. ఆ తర్వాత అంత కష్టం కనిపించదు. నిలబడి ఉన్న బండను కదిలించడానికి దాటాల్సిన ఘర్షణ ఎక్కువ, జారుతున్నప్పుడు ఉండే ఘర్షణ తక్కువ. పుస్తకంలో స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ అని ఉన్నది ఇదే. పిల్లలకు చెప్పాల్సిన పని లేదు, వాళ్లే చెబుతారు.

గుత్తి_సైన్స్_మేడమ్ (మంగళవారం, సాయంత్రం 5:50)

తమ్ముడూ, దూరం, స్థానభ్రంశం విషయంలో బండలాగుడు కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు, రేపే వాడతాను. కానీ ఆలూరు సార్‌కు ఒక జాగ్రత్త చెప్పాలి. గమన నియమాలను బండతో మొదలుపెట్టకండి. బండ దగ్గర ఘర్షణ విపరీతం. ఎద్దులు ఆగిన మరుక్షణం బండ ఆగుతుంది. ‘చూశారా సార్, బలం ఉంటేనే కదులుతుంది’ అని పిల్లలు ఇంకా గట్టిగా అంటారు. ఏ నమ్మకాన్ని కదిలించాలో దానికే మనం సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

ముందు ఘర్షణ తగ్గుతూ పోయేదాన్ని చూపించాలి. నేను క్యారమ్ బోర్డు వాడతాను. అదే స్ట్రైకర్, అదే పిల్లవాడు, వీలైనంతవరకు ఒకే రకం దెబ్బ. మొదట సిమెంటు గచ్చు మీద, తర్వాత పౌడర్ లేని బోర్డు మీద, ఆ తర్వాత పౌడర్ చల్లిన బోర్డు మీద. గచ్చు మీద జానెడు పోయి ఆగుతుంది. పౌడర్ మీద ఎదుటి అంచుకు తగిలి వెనక్కొస్తుంది. ప్రతిసారీ కొట్టేముందు ఎక్కడ ఆగుతుందో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టమంటాను. అప్పుడు అడగాలి: చెయ్యి ఇచ్చింది మూడుసార్లూ ఇంచుమించు ఒక్కటే, మరి ఆగే చోటు ఎందుకు మారింది? దాన్ని ఆపింది ఎవరు? పౌడర్ ఇంకా ఇంకా నున్నగా ఉంటే? అసలు ఘర్షణే లేకపోతే? ఈ ఆఖరి ప్రశ్నకు క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోతుంది, తర్వాత ఎవరో ఒకరు ‘ఆగదు మేడమ్’ అంటారు. గెలీలియో వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి ఆలోచించింది ఈ దారిలోనే. కదలడానికి కారణం వెతకడం మాని ఆగడానికి కారణం వెతకడం మొదలుపెడితే పిల్లలు మొదటి నియమంలోకి వచ్చేసినట్టే.

ట్యూటర్ గారికి: లెక్కలు ఎక్కువ చేస్తే అర్థం వస్తుందన్నారు. ఆలూరు సార్ పిల్లలు ఆ లెక్కలన్నీ చేశారు కదండీ. లెక్కలో అంకెలు ఎక్కడ వేయాలో తెలుస్తుంది, బంతి మీద ఏముందో తెలియదు. ఆ ఖాళీ ఇంటర్‌లో స్వేచ్ఛా వస్తు పటం, అంటే ఒక్క వస్తువునే విడిగా తీసి దాని మీది బలాలన్నీ బాణాలతో చూపే బొమ్మ, గీయాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది.

తాడిపత్రి_పదోతరగతి (మంగళవారం, రాత్రి 8:30)

మేడమ్, నేను విద్యార్థినిని. అడగొచ్చా? బంతి పైకి పోయి కొసన ఒక్క క్షణం ఆగుతుంది కదా. ఆగింది అంటే వేగం సున్నా. మరి త్వరణం కూడా సున్నా కావాలి కదా? పుస్తకంలో అక్కడ కూడా గురుత్వ త్వరణం ఉంటుందని ఉంది. పరీక్షలో అలాగే రాస్తాను కానీ నమ్మకం కుదరడం లేదు.

హంద్రీ_గట్టు (మంగళవారం, రాత్రి 9:10)

చాలా మంచి ప్రశ్న తల్లీ. నమ్మకం కుదరలేదని చెప్పావు చూడు, అలా చెప్పేవాళ్లే నేర్చుకుంటారు.

బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరావనుకో. గురుత్వ త్వరణాన్ని లెక్క సులువు కోసం 10 అని తీసుకుందాం. పైకి పోయే వేగాన్ని ధనంగా రాద్దాం. ఒక సెకను తర్వాత వేగం 10. రెండు సెకన్లకు సున్నా. మూడు సెకన్లకు మైనస్ 10, అంటే కిందికి వస్తోంది. నాలుగో సెకనుకు మైనస్ 20. ప్రతి సెకనుకూ వేగం ఎంత మారుతోంది? పదేసి తగ్గుతోంది. 10 నుంచి సున్నాకు రావడానికి ఎంత మారిందో, సున్నా నుంచి మైనస్ 10కి పోవడానికీ అంతే మారింది. మధ్యలో ఎక్కడా ఆ మార్పు ఆగలేదు. వేగం ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, వేగం ఎంత చురుగ్గా మారుతోందన్నది ఇంకో ప్రశ్న.

ఇప్పుడు నువ్వన్నట్టు ఆ రెండో సెకను దగ్గర త్వరణం కూడా సున్నా అయిపోయి అలాగే ఉండిపోయిందనుకుందాం. వేగం సున్నా, అది మారడమూ లేదు. అప్పుడు బంతి ఏం చేస్తుంది? ఆలోచించి రాయి.

తాడిపత్రి_పదోతరగతి (మంగళవారం, రాత్రి 9:25)

అక్కడే గాల్లో ఉండిపోతుంది సార్. అర్థమైంది. థ్యాంక్యూ సార్.

పులివెందుల_ప్రయోగం (బుధవారం, ఉదయం 6:40)

కింద పడటం గురించి మాట వచ్చింది కాబట్టి ఫోనుతో చేసే ప్రయోగం ఒకటి. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. అందులో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంటుంది. మొదటి శబ్దానికి మొదలవుతుంది, రెండో శబ్దానికి ఆగుతుంది.

బల్ల అంచున చెక్క స్కేలును కొంచెం బయటికి వచ్చేలా పెట్టి, కొస మీద ఒక ఇనుప నట్టు పెట్టండి. కింద నేల మీద స్టీలు ప్లేటు బోర్లించండి. స్కేలును పక్క నుంచి కర్రతో ఠక్కున కొడితే అది నట్టు కింద నుంచి తప్పుకుంటుంది, ఆ శబ్దానికి వాచ్ మొదలవుతుంది. నట్టు ప్లేటు మీద పడ్డ శబ్దానికి ఆగుతుంది. 50 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సుమారు 0.32 సెకను రావాలి. మీటరుకు 0.45. రెండు మీటర్లకు 0.64. ఎత్తు నాలుగింతలైతే కాలం రెండింతలే అయిందని పిల్లలే పట్టుకుంటారు. అప్పుడు బోర్డు మీద సూత్రం రాస్తే, అందులో కాలం మీద వర్గం ఎందుకుందో కనబడుతుంది. ఆ తర్వాత పెద్ద నట్టు, చిన్న నట్టు మార్చి చూడమనండి. పెద్దదే ముందు పడుతుందని పందెం కాసేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు.

యాప్ సెట్టింగ్స్‌లో శబ్దం హద్దు కొంచెం పెంచుకోండి, లేకపోతే దగ్గు కూడా వాచ్‌ను ఆపేస్తుంది. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తి, ఈక ఒకేసారి వదిలిన వీడియో దీని తర్వాత చూపించండి. ముందు చూపిస్తే ‘అది చంద్రుడి మీద కదా’ అంటారు.

గువ్వలచెరువు_ఘాట్ (బుధవారం, రాత్రి 11:30)

సార్లందరికీ నమస్కారం. నేను లారీ డ్రైవర్ని. మా పాప 9వ తరగతి. పాప ఫోన్‌లో ఇది చదివి వినిపిస్తే నాకూ రాయాలనిపించింది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ నాకు బాగా అలవాటు. దిగేటప్పుడు లోడు బండిని న్యూట్రల్‌లో వదలకూడదు, చిన్న గేరులోనే దించాలి. బ్రేకు తొక్కుతూనే దిగితే డ్రమ్ములు కాలిపోయి వాసన వస్తుంది, కాసేపటికి బ్రేకు పట్టదు. కొత్త పిల్లలు స్పీడు రెండింతలు చేసి, ఆగడానికి కూడా రెండింతల దూరం చాలనుకుంటారు. చాలదు. చాలా ఎక్కువ పోతుంది. మాకు అలవాటుగా తెలుసు గానీ ఎందుకో తెలీదు. లోడు ఉంటే ఇంకా దూరం పోతుంది. పాపకు ఇది లెక్కలాగా చెబితే బాగుంటుంది, రోడ్డు మీద పనికొచ్చేది.

కడప_ట్యూటర్ (గురువారం, ఉదయం 8:00)

అన్నా, మీ ప్రశ్నకు నేను చెబుతాను. సూత్రం లేకుండా గ్రాఫుతోనే వస్తుంది, పాపతో గీయించండి.

అడ్డంగా కాలం, నిలువుగా వేగం. ముందు సమతలం రోడ్డు తీసుకుందాం. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. బ్రేకు వేస్తే సెకనుకు 5 చొప్పున వేగం తగ్గుతుందనుకుందాం. 10 నుంచి సున్నాకు రావడానికి 2 సెకన్లు. గ్రాఫులో ఒక త్రిభుజం వస్తుంది, దాని వైశాల్యమే పోయిన దూరం. 2 ఇంటూ 10లో సగం, 10 మీటర్లు. ఇప్పుడు గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్లు. అదే బ్రేకు. ఆగడానికి 4 సెకన్లు. త్రిభుజం పొడవూ రెట్టింపు, ఎత్తూ రెట్టింపు. వైశాల్యం 4 ఇంటూ 20లో సగం, 40 మీటర్లు. స్పీడు రెండింతలు, దూరం నాలుగింతలు. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి పోయేలోపు బండి పోయే దూరం దీనికి అదనం.

లోడు సంగతి రెండో నియమం. బ్రేకు ఇచ్చే బలం అంతే ఉండి బరువు రెట్టింపైతే వేగం తగ్గే రేటు సగమవుతుంది, దూరం రెట్టింపవుతుంది. ఘాట్ దిగేటప్పుడు భూమి కూడా ముందుకు లాగుతుంది, బ్రేకు దాన్ని కూడా ఓడించాలి. మీరు చిన్న గేరు వేస్తే ఆ పని కొంత ఇంజనే చేస్తుంది, డ్రమ్ములకు వేడి తగ్గుతుంది.

మేడమ్, మీరన్నది ఆలోచించాను. లెక్కలు మాననుగానీ, ఇకమీదట ప్రతి లెక్కకూ ముందు బొమ్మ, పక్కన బలం ఇచ్చేవారి పేరు, ఆ తర్వాతే సూత్రం. రేపటి బ్యాచ్‌లో ఈ లారీ లెక్కతోనే మొదలుపెడతాను.

ఆలూరు_పీఎస్ (తర్వాతి బుధవారం, రాత్రి 8:45)

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. క్లాసులో జరిగింది రాస్తున్నాను.

క్యారమ్ బోర్డు ఎదురుగా ఉన్న షాపు నుంచి తెచ్చుకున్నాం. గుత్తి మేడమ్ చెప్పినట్టే చాక్‌పీస్ గుర్తులు పెట్టించాను. పౌడర్ మీద స్ట్రైకర్ గుర్తు దాటిపోయినప్పుడల్లా కేకలు. ‘ఆపింది ఎవరు’ అనే ప్రశ్న బాగా పట్టుకుంది. పల్లెవెలుగు బస్సులో బ్రేకు వేస్తే ముందుకు పడతాం కదా, మనల్ని తోసింది ఎవరు అని ఒకమ్మాయి తనే అడిగింది. వెనకాల ఎవరూ తాకలేదు, పేరు రాయలేం, కాబట్టి బాణం లేదు, బస్సు ఆగింది, మనం ఆగలేదు. ఇదంతా వాళ్లే చెప్పుకున్నారు, నేను బోర్డు దగ్గర నిలబడి వింటున్నాను. జడత్వం అనే మాట ఆ తర్వాత రాశాను.

మళ్లీ బంతి ప్రశ్న ఇచ్చాను. ఈసారి ఎక్కువమంది కిందికి ఒక్క బాణమే గీసి, పక్కన ‘భూమి’ అని రాశారు. కొందరు ఇంకా పైకి గీస్తున్నారు, వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడాలి. ఫోను ప్రయోగం స్కూలు వదిలాక చేశాం, ఇంటర్వెల్లో అయితే బయట గోల వాచ్‌ను ఆపేస్తోంది. మీటరుకు 0.46, 0.45 వచ్చాయి.

బండలాగుడు చివర్లో తీసుకున్నాను. అక్కడ ఇద్దరు నన్ను నిలేశారు. మొదటివాడు: బండ ఒకే వేగంతో పోతుంటే ఎద్దులు లాగే బలం, ఘర్షణ సమానమంటారు, సమానమైతే ఆగాలి కదా సార్? దీనికి క్యారమ్ బోర్డును గుర్తుచేశాను. రెండు బలాలూ సరిపోతే మిగిలే బలం సున్నా, కదిలేది అదే వేగంతో కదులుతూనే ఉంటుందని ఒప్పుకున్నాడు. రెండోవాడిది మూడో నియమం: ఎద్దులు బండను ఎంత లాగితే బండా ఎద్దులను అంతే వెనక్కి లాగుతుంది, మరి జత ముందుకెలా పోతుంది? పీరియడ్ అయిపోయింది. రేపు చెబుతానన్నాను. దీన్ని తికమక లేకుండా ఎలా చెప్పాలి?

గుత్తి_సైన్స్_మేడమ్ (తర్వాతి బుధవారం, రాత్రి 9:30)

ఆ అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలవండి సార్, మీరు చెప్పకండి. రెండు వేర్వేరు బొమ్మలు గీయమనండి, ఒకటి బండ ఒక్కటే, ఇంకోటి ఎద్దుల జత ఒక్కటే. మధ్యలో గొలుసు గీయొద్దు. మూడో నియమంలోని రెండు బలాలూ ఎప్పుడూ ఒకే బొమ్మలోకి రావు. బండ మీది బాణం బండ బొమ్మలో, ఎద్దుల మీది బాణం ఎద్దుల బొమ్మలో. అవి ఒకదాన్నొకటి కొట్టేసుకోవడానికి ఒకే వస్తువు మీద లేవు.

ఇప్పుడు బండ బొమ్మలో అడ్డంగా రెండు బాణాలు: ముందుకు ఎద్దులు, వెనక్కి నేల. ముందుది పెద్దదైతే బండ బయల్దేరుతుంది.

ఎద్దుల బొమ్మలో వెనక్కి లాగేది బండ. ముందుకు నెట్టేది ఎవరో పేరు రాయమనండి. పిల్లలు ‘కండబలం’ అని రాస్తారు. ఎద్దును తాకుతున్నది ఏదని అడగండి. కాడి, నేల. కాడి వెనక్కి లాగుతోంది, ఇక మిగిలింది నేల. గిట్టలు నేలను వెనక్కి తోస్తాయి, నేల గిట్టలను ముందుకు తోస్తుంది. అనుమానం ఉంటే వర్షం పడి బురదైన నేల మీద అదే జత పరిస్థితి ఏమిటో ఆ అబ్బాయినే అడగండి. ఎద్దు బలం ఎక్కడికీ పోలేదు, గిట్ట జారుతుంది కాబట్టి నేల తిరిగి తోయలేదు.

బొమ్మలో గిట్ట కింద బాణం ముందుకే ఉండేలా చూడండి. చాలామంది వెనక్కి గీస్తారు. అది నేల మీద పనిచేసే బలం, దాని చోటు ఈ బొమ్మలో కాదు.